పట్టాలు దాటే మనిషి లెక్కలోకి ఎందుకు రాడు?

నాచారం, మల్లాపూర్ కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళను ఏ దారిన వస్తారమ్మా అని అడిగి చూడండి. చాలామంది రోడ్డు పేరు చెప్పరు. "పట్టాలు దాటి వస్తం" అంటారు. వాళ్ళకు అదే దారి. పటంలో ఆ దారి లేదు. రైల్వే వాళ్ళ కాగితాల్లో అయితే అది నేరం. పట్టాల మీద వంతెన ఎలా కట్టాలి అనే ప్రశ్నను ఇంజనీర్లు ఇనుము, కాంక్రీటు, బరువు, ఎత్తుల లెక్కతో మొదలుపెడతారు. మనం ఈ మాటతో మొదలుపెడదాం. ఎందుకంటే ఇనుము లెక్కకన్నా ముందే ఇంకో లెక్క జరిగిపోయి ఉంటుంది. ఎవరు దాటుతారు, ఎక్కడ దాటుతారు, వాళ్ళను ఎంతమందిగా లెక్కించాలి అన్నది ఆ లెక్క.

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు తూర్పుకు పోతుంది. దానికి ఉత్తరాన నాచారం, మల్లాపూర్. ఇంకా ఉత్తరానికి పోతే సికింద్రాబాద్ – కాజీపేట రైలు మార్గం, దాని మీద మౌలాలి, చర్లపల్లి స్టేషన్లు. నిజాం కాలంలో 1886లో ఈ లైను వరంగల్ దాకా పడింది. 1893లో లాలాగూడలో రైలు పెట్టెల కార్ఖానా వచ్చింది. అప్పటికి ఉప్పల్, నాచారం ఊళ్ళు. ఊరన్నాక వాడ ఉంటుంది. వాడ ఎక్కడుంటుందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. కంపెనీలు తర్వాత వచ్చాయి. 1967లో ఇ.సి.ఐ.ఎల్., తర్వాత అణు ఇంధన సంస్థ, వాటి వెంట మౌలాలి, నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. పని లైనుకు ఒక పక్క, కిరాయికి దొరికే గది ఇంకో పక్క. పల్లెల నుంచి వచ్చిన మాల, మాదిగ కుటుంబాలు, వెనకబడిన కులాలవాళ్ళు, ముస్లిములు పట్టాల ఒడ్డునే బస్తీలు వేసుకున్నారు. ఖాళీగా కనిపించిన జాగా అదే కాబట్టి.

మా పెద్దమ్మ మౌలాలి దిక్కు బస్తీలో ఉండి ఇవతల ఒక ప్యాకింగ్ కంపెనీకి పన్నెండేళ్ళు పోయింది. పొద్దున ఎనిమిదిన్నరకు కంపెనీ గేటు మూసేటోళ్ళు. లేటయితే అరపూట హాజరు కోత. వంతెన లేదా అంటే ఉంది, దూరంగా. ఆ దూరం ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడాలి.

అనుకుందాం, దాటాల్సిన చోటు నుంచి వంతెన 400 మీటర్లు పక్కకు ఉంది. అక్కడిదాకా 400, అవతల దిగి మళ్ళీ వెనక్కి 400, మొత్తం 800 మీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల నడక అయితే 12 నిమిషాలు. ఎక్కి దిగడానికి ఇంకో 3. వెరసి 15. పొద్దున 15, సాయంత్రం 15. నెలకు 26 రోజుల పనికి 780 నిమిషాలు, అంటే 13 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన నెలకు ఒకటిన్నర హాజరు కన్నా ఎక్కువ. ఇదంతా కూలి లేని నడక. పట్టాల మీదుగా అయితే అర నిమిషం. "బుద్ధి లేక పట్టాలు దాటుతున్నారు" అని పత్రికల్లో రాసేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వేయరు. పెద్దమ్మకు లెక్కలు రావు గానీ ఈ లెక్క మాత్రం కాళ్ళకు తెలుసు.

ఇప్పుడు వంతెన దగ్గరికి వద్దాం. పట్టాల మీద వంతెన అంత ఎత్తెందుకు? రోడ్డు మీద వంతెన కింద లారీ పడితే చాలు. పట్టాల మీద కరెంటు తీగ ఉంటుంది. మన రైళ్ళకు 25,000 వోల్టుల కరెంటు పైనున్న తీగలోంచి వస్తుంది. తీగ, దాన్ని పట్టుకునే సరంజామా, దానికి తగలకుండా వదలాల్సిన గాలి ఖాళీ, అన్నీ కలిపి పట్టా పైనుంచి వంతెన అడుగుదాకా దాదాపు 6.25 మీటర్లు వదలాలని రైల్వే కొలతలు చెబుతాయి. దాని మీద దూలం, పలక. మనిషి అడుగు పెట్టే చోటు ఏడు మీటర్ల ఎత్తుకు పోతుంది. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లయితే 47 మెట్లు ఎక్కాలి, 47 దిగాలి. రెండంతస్తుల ఇంటి డాబా ఎక్కి దిగడం కన్నా ఇంకొంచెం ఎక్కువే. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంత ఎత్తు అక్కర్లేదు. కరెంటు రైలు వచ్చి రైల్వేకు ఖర్చు తగ్గింది, నడిచేవాడికి మెట్లు పెరిగాయి.

మెట్టుకు కూడా సూత్రం ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వాస్తుశిల్పి బ్లోండెల్ చెప్పింది: మెట్టు ఎత్తును రెండింతలు చేసి, అడుగు పెట్టే వెడల్పు కలిపితే మనిషి ఒక అంగ దూరం రావాలి. ఆయన లెక్కలో అది 65 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మన దగ్గర 15, 15, 30 కలిపి 60 అంటారు. లెక్క బాగానే ఉంది. అయితే ఎవరి అంగ? చేతులు ఊపుకుంటూ ఎక్కే మనిషిది. చంకలో పిల్ల, చేతిలో టిఫిన్ డబ్బా, నెత్తిన మూట ఉన్న మనిషి అంగ అందులో లేదు. సైకిల్‌ను భుజానికెత్తుకుని ఎక్కేవాడు, ఉల్లిగడ్డ బండి తోసుకునేవాడు, మోకాళ్ళు అరిగిపోయిన ముసలమ్మ, వీళ్ళెవ్వరూ ఆ సూత్రంలో కనబడరు.

వాలు దారి కట్టొచ్చు కదా, ర్యాంపు అంటారు దాన్ని. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, దాని వెంట వచ్చిన ప్రమాణాల ప్రకారం వాలు 12కి 1 మించకూడదు. ఏడు మీటర్ల ఎత్తుకు 84 మీటర్ల పొడవు కావాలి. మధ్యలో ఊపిరి పీల్చుకునే చదును చోట్లు కలిపితే 100 మీటర్ల దాకా పోతుంది. అవతల పక్క ఇంకో 100. మడతలు పెట్టి కట్టినా జాగా కావాల్సిందే. ఆ జాగా ఎక్కడిది? పట్టాల ఒడ్డున ఉన్నది బస్తీ. అంటే వంతెన పేరుతో బస్తీవాళ్ళ గుడిసెలే పోతాయి. లేకుంటే ర్యాంపు మానేసి మెట్లతో సరిపెడతారు. రెండిట్లో ఏది జరిగినా పోగొట్టుకునేది ఆ మనుషులే. నా అభిప్రాయంలో ర్యాంపు రైల్వే జాగా వైపు పట్టాలకు సమాంతరంగా మడిచి కట్టడం సాధ్యమే. దానికి కావాల్సింది కొత్త ఇంజనీరింగు కాదు, జాగా వదిలే మనసు.

ఇక వంతెన కాళ్ళు ఎక్కడ దిగుతాయన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. స్టేషన్లలో ఉండే వంతెన ప్లాట్‌ఫారానికీ ప్లాట్‌ఫారానికీ మధ్య కడతారు. అది టికెట్ కొన్నవాళ్ళది. ఒకసారి మా పెద్దమ్మ వానకు భయపడి ఒక స్టేషన్ వంతెన ఎక్కి అవతల దిగితే టికెట్ ఏదని ఆపారు. "నేను రైలెక్కలే సారూ, రైలు దాటిన" అన్నదట. ఆ మాట ఇంట్లో చాన్నాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే వంతెన సమస్య అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

చట్టం సంగతి చూద్దాం. 1989 రైల్వే చట్టం 16వ సెక్షన్ ప్రకారం, లైను వేసినప్పుడు పక్క భూముల యజమానులకు, అనుభవదారులకు రాకపోకల అడ్డంకి తీర్చడానికి దాటే దారులు, వంతెనలు కట్టించే బాధ్యత రైల్వేది. ఇది బ్రిటిష్ కాలం 1890 చట్టం నుంచి వస్తున్నదే. అంటే హక్కు భూమిని బట్టి వస్తుంది. అవతల పొలం ఉన్న ఆసామికి దారి వస్తుంది. ఆ పొలంలో కూలికి పోయే మాదిగ ఆడమనిషికి తన పేరున దారి లేదు, ఆసామి దారిలోనే పోవాలి. పైగా లైను మొదలైన పదేళ్ళ తర్వాత అదనపు పనుల ఖర్చు రైల్వే మీద వేయడానికి వీల్లేదు. 1886లో పడ్డ లైనుకు ఆ పదేళ్ళు ఎప్పుడు దాటాయో చూడండి. నాచారంలో మొదటి కంపెనీ పొగ గొట్టం లేవకముందే గడువు తీరిపోయింది. ఆ తర్వాత దారి కావాలంటే 17వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వమో, స్థానిక సంస్థో అడగాలి, డబ్బు కట్టాలి. రైల్వే కట్టిపెడుతుంది. దాన్నే డిపాజిట్ పని అంటారు. నగరపాలక సంస్థ రైల్వేను చూపిస్తుంది, రైల్వే నగరపాలక సంస్థను చూపిస్తుంది. మధ్యలో రైలు పోతూ ఉంటుంది.

అదే చట్టం 147వ సెక్షన్ పట్టాల మీదికి అనుమతి లేకుండా వచ్చినవాళ్ళకు ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ అంటుంది. ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. అదే 1989లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దాని 3వ సెక్షన్‌లో దళితులు, ఆదివాసులు ఆనవాయితీగా నడిచే దారిని అడ్డుకోవడం కూడా శిక్షించదగ్గ నేరం. ఒకే ఏడాది రెండు చట్టాలు. ఊళ్ళో ఆసామి కంచె వేసి దారి మూస్తే ఆసామి నేరస్తుడు. పట్నంలో గోడ కట్టి దారి మూస్తే, గోడ సందులోంచి దూరినవాడు నేరస్తుడు. రైల్వే గోడను ఆ చట్టం కిందికి తేవాలని నేను అనడం లేదు, అది నిలబడదు కూడా. కానీ 'ఆనవాయితీ దారి' అనే భావన పట్నంలోకి రాగానే ఎందుకు మాయమవుతుందో మన పరిశోధకులు ఆలోచించాలి.

లెక్క గురించి చెప్పాను కదా. రైల్వే గేటు దగ్గర వంతెన అవసరమా కాదా తేల్చడానికి ఒక కొలమానం ఉంది, టి.వి.యు. అంటారు. రోజుకు పోయే రైళ్ళను, గేటు దాటే బండ్లతో గుణిస్తారు. అది లక్ష దాటితే రోడ్డు వంతెన ఖర్చులో రైల్వే వాటా పెట్టుకోవడానికి అర్హత వస్తుంది. మరి బండ్లను ఎలా లెక్కిస్తారు? మోటారు బండి ఒకటి. ఎద్దుల బండి ఒకటి. జట్కా ఒకటి. రిక్షా, ఆటో సగం. నడిచే మనిషి? సున్నా. పొద్దున షిఫ్టుకు వెయ్యి మంది దాటినా సున్నాను వెయ్యితో గుణిస్తే సున్నానే. ఈ సూత్రం రాసినవాళ్ళకు కులద్వేషం ఉందని నేను అనను. వాళ్ళ కళ్ళ ముందు రోడ్డు అంటే బండి, అంతే. కానీ ఈ దేశంలో బండి ఎవరికి ఉంది, నడక ఎవరికి మిగిలింది అన్నది కులంతో సంబంధం లేని విషయం ఎలా అవుతుంది? ఎద్దుకు దక్కిన అంకె మనిషికి దక్కలేదు.

చచ్చినప్పుడు మాత్రం లెక్కలోకి వస్తారు. అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన రైల్వే భద్రత మీద వేసిన కమిటీ 2012లో నివేదిక ఇచ్చింది. పట్టాలు దాటుతూ ఏటా సుమారు 15,000 మంది చనిపోతున్నారని, అందులో 6,000 మంది దాకా ఒక్క ముంబయి లోకల్ లైన్ల మీదేనని, ఏ నాగరిక సమాజమూ ఈ మారణకాండను ఒప్పుకోదని ఆ నివేదిక చెప్పింది. చట్టం దృష్టిలో వీళ్ళు ప్రయాణికులు కారు కాబట్టి, ప్రయాణికుల ప్రమాదాలకు ఇచ్చే నష్టపరిహారం వీళ్ళకు రాదు. పేపర్లో 'గుర్తు తెలియని వ్యక్తి' అని మూడు లైన్లు వస్తుంది. మన దగ్గర 2014 జూలై 24న మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర రైలు బడి బస్సును గుద్దితే పసిపిల్లలు చచ్చిపోయారు, దేశమంతా అట్టుడికింది. ఆ తర్వాత 2019 జనవరికల్లా బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లు అన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది. మంచిదే. అయితే గేటు తీసేసిన ప్రతిచోటా నడిచేవాడికి దారి దొరికిందా అన్నది ఆ ప్రకటనలో ఉండదు.

కొన్ని గేట్ల స్థానంలో పట్టాల కింద నుంచి దారి తవ్వుతున్నారు. మెట్లు తక్కువ, ఎక్కే శ్రమ తక్కువ, సైకిలూ పోతుంది. కింద నుంచి పోయేటప్పుడు మనిషి ఎత్తు, పైన దూలం మందం ఉంటే చాలు కాబట్టి లోతు నాలుగు మీటర్లకు అటూ ఇటూ సరిపోతుంది. అంటే పై వంతెనలో దాదాపు సగం శ్రమ. నీళ్ళు నిలవని చోటయితే నేను దీనికే ఓటేస్తాను. కానీ ఈ తూర్పు పక్కనంతా చెరువుల గొలుసు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి రోజు ఆ తవ్విన దారి బావి అవుతుంది. మామూలు వానకే మోకాలి లోతు నీళ్ళు నిలిచే దారులు నగరంలో ఎన్నో చూశాం. నీళ్ళు తోడే మోటరు, దానికి కరెంటు, దాన్ని చూసే మనిషి, ఈ మూడింటికీ ఏటా డబ్బు పెట్టకపోతే జనం మళ్ళీ పట్టాల మీదికే.

ఉప్పల్‌లో మాత్రం ఒక మంచి వంతెన వచ్చింది, దాని గురించి చెప్పకపోతే అన్యాయం. ఉప్పల్ చౌరస్తాలో హెచ్.ఎం.డి.ఎ. 25 కోట్ల దాకా ఖర్చుపెట్టి కట్టిన ఆకాశ నడకదారి 2023 జూన్ 26న తెరిచారు. పొడవు 660 మీటర్లు. ఇది పట్టాల మీద కాదు, రోడ్ల మీద. నాగోలు రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, వరంగల్ బస్టాపు, ఇలా మనిషి నిజంగా పోయే దిక్కులన్నిటికీ దాని కాళ్ళు దిగుతాయి, మెట్రో స్టేషన్‌కు కలుస్తుంది. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి, మెట్లున్నాయి. నడిచేవాడి కోసం ఇంత ఆలోచించి కట్టొచ్చని అది చూపించింది. సందేహం ఒక్కటే. 2017లో మెట్రో వచ్చాక ఆ చౌరస్తాలో నడిచేవాళ్ళు మెట్రో ప్రయాణికులయ్యారు, వాళ్ళకు విలువ వచ్చింది. అక్కడికి నాలుగైదు కిలోమీటర్లలో పట్టాల ఒడ్డున నడిచేవాళ్ళు ఇంకా 'అక్రమ ప్రవేశకులే'. ఇంజనీర్లు వేరు కాదు, ఇనుమూ వేరు కాదు.

వెడల్పు గురించి ముంబయి నేర్పిన పాఠం చాలా ఖరీదైంది. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒకప్పుడు మిల్లులున్న చోట ఆఫీసులు లేచాయి, జనం పెరిగారు, వంతెన మాత్రం పాతదే. వాన పడింది, దిగాల్సినవాళ్ళు మెట్ల దగ్గర ఆగారు, వెనక నుంచి రైళ్ళ జనం నెట్టారు. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే మనిషి తన కాళ్ళ మీద తాను ఉండడు, నీళ్ళలా కొట్టుకుపోతాడు. అందుకే వంతెన వెడల్పు ఎంతున్నా మెట్ల వెడల్పు దానికి తగ్గకూడదు, మెట్ల కింది చివర తెరిపిగా ఉండాలి, కప్పు మెట్ల చివరి దాకా రావాలి. ఆ చావుల తర్వాతగానీ రైల్వే తన మాట మార్చుకోలేదు. అప్పటిదాకా వంతెన 'ప్రయాణికుల సౌకర్యం' పద్దులో ఉండేది. అది సౌకర్యం కాదు, భద్రత అని అప్పుడు ఒప్పుకున్నారు. అది కూడా ప్రయాణికుల వరకే.

చిన్నగా కనిపించే విషయాలు ఇంకో రెండున్నాయి. తీగలకు చెయ్యి తగలకుండా వంతెన పక్కలు మూయాలి, అది తప్పదు. అయితే రేకుతో మూస్తే లోపల ఏం జరుగుతున్నదీ బయటికి కనపడదు. రాత్రి షిఫ్టు దిగిన ఆడపిల్ల ఆ రేకు గూట్లోకి పోదు, చీకట్లో పట్టాలే నయం అనుకుంటుంది. తీగకు దూరంగా ఉన్న చోట జాలీ, తీగ పైన మాత్రమే రేకు వేయొచ్చు. దీపం సరేసరి. రోడ్డు వంతెనలకు ప్రకటనల ఫ్లెక్సీలు కట్టి పక్కలు మూసేయడం కూడా ఇలాంటిదే, అక్కడ అద్దె వచ్చేది కనపడుతుంది, మనిషి కనపడడు.

ఇంకోటి. వంతెన మీద నిలబడ్డవాళ్ళు కింద పట్టాలను చూస్తారు. కింద మలం ఎత్తేవాళ్ళు మన ఇళ్ళవాళ్ళే. పట్టాల మీద ఆ పని ఆపాలని సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న రైల్వేకు చెప్పాల్సి వచ్చింది. బోగీలకు బయో మరుగుదొడ్లు పెట్టడం 2019కి గానీ అయిపోలేదు. పట్టాల మీద పనికి రమ్మన్నప్పుడు అక్రమ ప్రవేశం అనలేదు, దాటి ఇంటికి పోతానంటేనే అన్నారు.

కాగితం మీద తెరిచిన దారికీ నడిచే దారికీ ఉన్న తేడా మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసనసభ బోలే తీర్మానంతో చెరువులు, బావులు అందరివీ అంది. మహాడ్ మునిసిపాలిటీ మరుసటి ఏడు ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేల మంది నడిచిపోయి చవదార్ చెరువు నీళ్ళు తాగేదాకా ఆ తీర్మానం కాగితమే. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువుల పక్కనే రోడ్లను కూడా పేర్కొంది.

ఎం.ఎం.టి.ఎస్. రెండో దశలో మౌలాలి – ఘట్‌కేసర్ మధ్య లైన్లు రెండు నుంచి నాలుగయ్యాయి. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచారు, రైళ్ళు ఇంకా పెరిగాయి. రెండు పట్టాలప్పుడు అటూ ఇటూ చూసి దాటేవాళ్ళు. నాలుగప్పుడు ఒక రైలు ఇంకో రైలును దాచేస్తుంది. కరెంటు ఇంజన్‌కు పొగ లేదు, పాత చప్పుడూ లేదు. నిన్నటి ఒడుపు ఇవ్వాళ పనికిరాదు.

వంతెన ఎక్కడ కట్టాలో తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. రైల్వే గోడ వెంట నడిస్తే చాలు. గోడ ఎక్కడ పగిలిందో, గడ్డి ఎక్కడ తొక్కి నేల తేలిందో అదే చోటు. రైల్వే వాళ్ళు ఆ సందును సిమెంటుతో పూడుస్తారు, వారంలో మళ్ళీ తెరుచుకుంటుంది. మన విద్యార్థులు నలుగురు పొద్దున అయిదు నుంచి పది దాకా, సాయంత్రం అయిదు నుంచి పది దాకా అక్కడ కూర్చుని లెక్క రాయాలి. ఎంతమంది, ఆడ ఎందరు, బరువుతో ఎందరు, సైకిల్‌తో ఎందరు, ముసలివాళ్ళు ఎందరు, ఎక్కడి నుంచి ఎక్కడికి. ఒక వారం రాస్తే చాలు. ఆ పుస్తకం జత చేసి 17వ సెక్షన్ కింద రైల్వేను అడగమని, డిపాజిట్ కట్టమని నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టొచ్చు. సున్నా కాని అంకె ఒకటి వాళ్ళ ఫైల్లో పడాలి.

పెద్దమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్ళు పోయాయి. మొన్న ఈ వ్యాసం సంగతి చెప్తే, "వంతెన కడితే కట్టిండ్రు గానీ, ఆ నలభై ఏడు మెట్లు నేనెట్ల ఎక్కుత బిడ్డా, కిందికెల్లి ఏదన్న ఉంటే రాయి" అంది.